హైడోస్ మెథోట్రెక్సేట్: సగం లెక్క మోతాదుది, సగం గంటలది

కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి, 15 మిల్లీగ్రాముల దగ్గర ఇస్తారు. అదే మందును ఆస్టియోసార్కోమా అనే ఎముక కాన్సర్‌కు ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 12 గ్రాముల చొప్పున నాలుగు గంటల్లో ఎక్కిస్తారు. ఒకటిన్నర చదరపు మీటర్ల కుర్రాడికి అది 18 గ్రాములు, అంటే వెయ్యి రెట్ల పైమాట. విరుగుడు లేకుండా అంత మందు పడితే మనిషి దక్కడు. అందుకే ఈ చికిత్సలో కేస్ షీట్ మీద రాసిన గ్రాములు ఎంత ముఖ్యమో, ఏ గంటకు ఏం జరిగిందన్నదీ అంతే ముఖ్యం.

కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి. ఆ ఫోలేట్‌ను వాడుకోదగ్గ రూపంలోకి మార్చే ఎంజైము డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. మెథోట్రెక్సేట్ దాన్ని పట్టేసుకుంటుంది. పైగా కణం లోపలికి వెళ్ళాక దానికి గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం తోకలు అతుక్కుంటాయి, ఇక బయటికి రావడం కష్టం. ఎక్కువసేపు ఎక్కువ మందు చుట్టూ ఉంటే తోకలూ పెరుగుతాయి. లుకేమియా (రక్త కాన్సర్) కణాలను చంపేది అదే, నోటి పొరనూ ఎముక మజ్జనూ దెబ్బతీసేదీ అదే.

ఈ కుటుంబంలో మొదటి మందు అమైనోప్టెరిన్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన బృందం, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబ్స్‌లో దాన్ని తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం తరహా పదార్థాలు ఇస్తే లుకేమియా ఇంకా ఎగదోసినట్టు బోస్టన్‌లో పిల్లల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. దాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడ పుట్టింది. 1948 జూన్‌లో అచ్చయిన ఆయన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా మెరుగు కనిపించింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. తర్వాతి దశాబ్దంలో అమైనోప్టెరిన్ స్థానంలోకి మెథోట్రెక్సేట్ వచ్చింది. మనం సాధారణంగా కథను ఇక్కడితో ఆపేస్తాం. నిజానికి ఆ 10 మందిలోనూ జబ్బు తిరగబెట్టింది. మోతాదును వందల రెట్లు పెంచే ధైర్యం 1960ల నుంచి వచ్చింది, అదీ ల్యూకోవోరిన్ అనే విరుగుడు చేతిలో ఉండబట్టి.

ల్యూకోవోరిన్ అంటే ఫోలినిక్ ఆమ్లం. అది మెథోట్రెక్సేట్ మూసేసిన ఎంజైము అవసరం లేకుండానే కణానికి పనికొస్తుంది. మామూలు ఫోలిక్ ఆమ్లం బిళ్ళకు ఆ శక్తి లేదు, అది మూసి ఉన్న ఆ తలుపు దగ్గరే ఆగిపోతుంది. మందుల షాపులో ఒకటి లేదని రెండోది ఇస్తే కాపాడేది ఏమీ లేనట్టే. ఇంకో తిరకాసు లీవోల్యూకోవోరిన్. దాని మోతాదు మామూలు ల్యూకోవోరిన్‌లో సగం. బ్రాండు మారినప్పుడల్లా వయల్ మీద ఏది రాసుందో చూడాల్సిందే.

ఒక లెక్క వేద్దాం. లింఫోబ్లాస్టిక్ లుకేమియా ఉన్న పిల్ల, ఎత్తు 110 సెంటీమీటర్లు, బరువు 18 కిలోలు. రెంటినీ గుణించి 3600తో భాగిస్తే 0.55, దాని వర్గమూలం 0.74. అదే ఒంటి వైశాల్యం, చదరపు మీటర్లలో. చదరపు మీటరుకు 5 గ్రాముల పద్ధతిలో 3.7 గ్రాముల మందు. అందులో పదో వంతు మొదటి అరగంటలో, మిగతాది 23న్నర గంటల్లో. ద్రవం రోజుకు చదరపు మీటరుకు 3 లీటర్లు, అంటే గంటకు 93 మిల్లీలీటర్లు. ఆ ద్రవం మందుకు కొన్ని గంటల ముందే మొదలవ్వాలి, చాలాచోట్ల ముందు రాత్రే పెడతారు.

ఇంత నీరు ఎందుకంటే మందులో దాదాపు అంతా మూత్రపిండాల దారినే పోతుంది. ఆమ్ల మూత్రంలో అది కరగదు, స్ఫటికాలై నాళికల్లో పేరుకుంటుంది. పీహెచ్ (ఆమ్లత కొలత, పెరిగితే ఆమ్లం తగ్గినట్టు) 6 నుంచి 7కు వస్తే కరిగే శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే లీటరు ద్రవంలో 40 నుంచి 50 మిల్లీఈక్వివలెంట్ల సోడాబైకార్బ్ కలుపుతారు. మన దగ్గర దొరికే 7.5 శాతం, 25 మిల్లీలీటర్ల యాంప్యూల్స్ రెండు కలిపితే సుమారు 45 వస్తుంది. రింగర్ లాక్టేట్‌లో కలపకూడదు, అందులోని కాల్షియంతో సుద్ద దిగుతుంది. అదే కారణంగా కాల్షియం లవణమైన ల్యూకోవోరిన్‌ను బైకార్బ్ నడుస్తున్న లైన్‌లోకి నేరుగా తోయకూడదు, లైన్ కడిగి ఇవ్వాలి. మూత్రంలో ముంచే స్ట్రిప్ మీద పీహెచ్ 7 చూశాకే మెథోట్రెక్సేట్ ఎక్కించడం మొదలు, ఆ తర్వాత ప్రతిసారి మూత్రం పోసినప్పుడూ చూడాలి. రాత్రి రెండు గంటలకు పోసిన మూత్రాన్ని చూడకుండా పారబోయడం వార్డుల్లో మామూలే, పీహెచ్ పడిపోయేది ఆ నిద్ర గంటల్లోనే. మూత్రం పసుపుగా ఉందని నీరు చాలలేదనుకోకండి, మందు రంగే అది. కోలా పానీయాలు మాత్రం ఆ మూడు రోజులు వద్దు.

ఇక లెవెల్స్, అంటే రక్తంలో ఇంకా ఎంత మందు ఉందన్న పరీక్ష. 24 గంటల డ్రిప్‌లో మందు మొదలైన క్షణం నుంచి లెక్క, ముగిసినప్పటి నుంచి కాదు. 42వ గంటకు రక్తంలో లీటరుకు 1 మైక్రోమోల్ లోపు, 48వ గంటకు 0.4 లోపు ఉంటే దారిలో ఉన్నట్టు. నాలుగు గంటల ఆస్టియోసార్కోమా పద్ధతిలో గీతలు వేరు: 24వ గంటకు 10, 48కి 1, 72కి 0.1. ఒక పద్ధతి పట్టికను రెండోదానికి వాడితే ప్రమాదం. మందు ఎక్కిన లైన్ నుంచే రక్తం తీస్తే అంకె అబద్ధంగా పెరుగుతుంది. కొన్ని ల్యాబ్‌లు నానోమోల్‌లో ఇస్తాయి, అక్కడ 100 అంటే ఇక్కడ 0.1. ట్యూబు మీద తీసిన సమయం నిమిషంతో సహా ఉండాలి.

మన పిల్లకు ల్యూకోవోరిన్ చదరపు మీటరుకు 15 మిల్లీగ్రాముల లెక్కన 11 మిల్లీగ్రాములు, 42వ గంట నుంచి ఆరేసి గంటలకు, లెవెల్ కిందికి దిగేదాకా. లెవెల్ ఎక్కువుంటే పట్టిక ప్రకారం మోతాదు పెంచాలి. బిళ్ళ రూపంలో ఒక విడతకు 25 మిల్లీగ్రాములు దాటితే పేగు సరిగా పీల్చుకోదు, అప్పుడు నరంలోకే. వాంతులున్నా అంతే. మరీ ముందుగా, మరీ ఎక్కువగా ఇస్తే లుకేమియా కణాలనూ కాపాడతామన్న భయం ఉంది. అది నిజమే. కానీ 48 గంటలు దాటాక మొదలుపెడితే దెబ్బతిన్న కణాలు వెనక్కి రావు. రెండు తప్పుల్లో ఆలస్యమే పెద్దది.

మందు ఒంట్లోంచి దిగకపోవడానికి కారణం చాలాసార్లు వేరే మందు. యాంటీబయాటిక్ కోట్రైమోక్సజోల్, నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, పైపెరాసిలిన్ జాతి యాంటీబయాటిక్స్, సిప్రోఫ్లాక్సాసిన్. వీటికి తోడు ప్రతి కేస్ షీట్‌లోనూ ఎవరూ అడగకుండానే చేరే ఎసిడిటీ మందు పాంటాప్రజోల్. కాన్సర్ పిల్లలకు వారాంతాల్లో ఇచ్చే కోట్రైమోక్సజోల్‌ను ఆపి, లెవెల్ దిగాక మళ్ళీ పెట్టాలి. ఛాతీలోనో పొట్టలోనో నీరు చేరి ఉంటే మందు అందులో దాక్కుని రోజుల తరబడి మెల్లగా బయటికొస్తుంది, ముందు ఆ నీరు తీయాలి.

మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మొదటి అంకెకు ఒకటిన్నర రెట్లయితే లెవెల్ కోసం ఎదురుచూడక్కర్లేదు, ద్రవం, ల్యూకోవోరిన్ వెంటనే పెంచాలి. చివరి ఆయుధం గ్లూకార్పిడేజ్. 2012లో అమెరికాలో అనుమతి పొందింది. కిలోకు 50 యూనిట్లు, ఒకే విడత, ఐదు నిమిషాల్లో. రక్తంలో ఉన్న మందును అది ముక్కలు చేస్తుంది, కణాల్లోకి పోయినదాన్ని తాకలేదు, కాబట్టి ల్యూకోవోరిన్ ఆపకూడదు. కాకపోతే రెంటి మధ్య రెండు గంటల ఎడం. ఆ తర్వాత 48 గంటలు మామూలు ఇమ్యునోఅస్సే (లెవెల్ చూసే ల్యాబ్ పద్ధతి) అంకెల్ని నమ్మకూడదు, విరిగిన ముక్కను కూడా అది మందుగానే లెక్కేస్తుంది. ధర లక్షల్లో, మన దగ్గర సులువుగా దొరకదు. అందుకే పైన చెప్పిన సోడాబైకార్బ్, స్ట్రిప్, మందుల చీటీ తనిఖీ ఇక్కడ ఇంకా గట్టిగా జరగాలి. లెవెల్ పరీక్ష లేని ఆసుపత్రుల్లో మోతాదు తగ్గించి, ల్యూకోవోరిన్ విడతలు పెంచి, క్రియాటినిన్ చూసుకుంటూ ఇచ్చిన అనుభవాలు మన దేశం నుంచే అచ్చయ్యాయి. చదరపు మీటరుకు 5 గ్రాములను మాత్రం లెవెల్ లేకుండా ఇవ్వడం నా లెక్కలో జూదం.

వెన్నులోకి ఇచ్చే మెథోట్రెక్సేట్ లెక్క వేరు, అక్కడ ఒంటి వైశాల్యం పనికిరాదు. మెదడు చుట్టూ ఉండే ద్రవం మూడేళ్ళకే దాదాపు పెద్దవాళ్ళంత అవుతుంది కనుక వయసును బట్టి ఇస్తారు: ఏడాది లోపు 6 మిల్లీగ్రాములు, ఏడాదికి 8, రెండేళ్ళకు 10, మూడు దాటితే 12. ప్రిజర్వేటివ్ లేని వయలే వాడాలి. అదే రోజు నరంలోకి మాత్రమే ఇచ్చే కాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ కూడా ఉంటే అది ఆ గదిలోకే రాకూడదు. పొరపాటున వెన్నులోకి పోతే ప్రాణం పోతుంది. సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి పంపమనేది అందుకే.

ఇంటికెళ్ళాక, జబ్బు తిరగబెట్టకుండా సాగించే మెయింటెనెన్స్‌లో బిళ్ళలు చదరపు మీటరుకు 20 మిల్లీగ్రాములు, వారానికి ఒక్కసారి. పక్కనే రోజూ వేసుకునే మెర్‌క్యాప్టోప్యూరిన్ ఉండటంతో దీన్నీ రోజూ వేసేవాళ్ళున్నారు. మూడు నాలుగు రోజులు అలా జరిగినా నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ఆసుపత్రికొస్తారు. చీటీ మీద "వారానికోసారి" అని రాస్తే చాలదు, "బుధవారం రాత్రి, నాలుగు బిళ్ళలు" అని వారం పేరు, బిళ్ళల లెక్క, ఒక్కో బిళ్ళలో ఎన్ని మిల్లీగ్రాములో రాయించుకోండి. 2.5 మిల్లీగ్రాముల బిళ్ళలు అయిపోయి షాపువాడు 10 మిల్లీగ్రాములవి ఇస్తే ఆ నాలుగు మళ్ళీ తప్పవుతుంది.