పచ్చకర్పూరం వాసన

ముక్కు లోపలి పొర వాచి పెరిగే మెత్తని కండల్లాంటి పాలిప్‌లకు రెండుసార్లు ఆపరేషన్ చేయించుకున్నా అవి మళ్లీ పెరగడంతో, తిరుపతిలో ఉంటూ కూడా లడ్డూలోని పచ్చకర్పూరం వాసన తెలియకుండానే నాలుగేళ్లు గడిపాను. ఈ వాపును నడిపించే ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అనే రోగనిరోధక వ్యవస్థ ప్రోటీన్ల సంకేతాలను, కణాలు వాటిని అందుకునే గ్రాహకం దగ్గరే అడ్డుకునే డుపిలుమాబ్ అనే బయొలాజిక్ (జీవకణాల్లో తయారుచేసే) మందును, అమెరికాలో ఈ జబ్బుకు 2019లో అనుమతి పొందినదానిని, డాక్టరుగారి సలహాపై మొదలుపెట్టాను. రెండు వారాలకొకసారి 300 మిల్లీగ్రాముల సూది; ఫ్రిజ్‌లోంచి తీసి 45 నిమిషాలు బయట ఉంచాకే వేసుకోవాలి (ఎండాకాలంలో కరెంటు పోయిన ప్రతిసారీ నా ప్రాణం ఆ ఫ్రిజ్‌లోనే ఉండేది). స్టెరాయిడ్ స్ప్రే మాత్రం మానలేదు. ఖర్చు సంగతి ఎత్తకపోవడమే నయం. మూడో నెలలో ఒక ఉదయం, పొరుగింటివారు ఇచ్చిన ప్రసాదం పొట్లాన్ని అమ్మ విప్పుతుండగా, నేను వంటింటి గడప దాటకముందే ఆ వాసన నన్ను చేరింది. లడ్డూను తినకుండా చాలాసేపు వాసన చూస్తూనే ఉండిపోయాను.