90 ఎం.ఎల్. కోసం మూడు గంటలు

నిన్న రాత్రే భువనేశ్వర్ నుంచి పర్లాకిమిడి చేరాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

400 మీటర్ల పరుగులో రెండో స్థానం. ఇంకా రొప్పుతుండగానే ఒకమ్మాయి వచ్చి డోప్ టెస్టని, అంటే నిషేధించిన మందులు వాడానేమో చూసే మూత్ర పరీక్షని, సంతకం పెట్టించుకుంది. ఇక నీడలా నా వెంటే. మెడల్ తీసుకున్నప్పుడూ పక్కనే.

బాత్రూంలోకి ఆఫీసరమ్మ కూడా వచ్చింది. బనియన్ గుండెల దాకా ఎత్తాలి, నిక్కరు మోకాళ్ల దాకా దించాలి, ఆవిడ కళ్లప్పగించి చూస్తుండగా ఒంటేలు పోయాలి. ఇంకొకరిది దాచి తెచ్చేవాళ్లున్నారట, అందుకని రూలు. అమ్మ ఎదుట కూడా బట్టలు మార్చుకోనిదాన్ని నేను. చుక్క రాలేదు. కొళాయి తిప్పమన్నాను, తిప్పింది. ఊహూఁ. ఒడియాలో గోడు చెప్పుకుందామంటే ఆవిడకి హిందీ తప్ప రాదు. మూడోసారికి 60 ఎం.ఎల్. వచ్చింది. 90 కావాలి. దానికి సీలేసి మళ్లీ కూర్చోబెట్టారు. టెన్షన్‌లో నీళ్లు గటగటా తాగేశాను. తీరా 90 నిండాక మరీ పలచగా ఉందని ఇంకో శాంపిల్ అడిగారు! నీళ్లు గుక్కెడు గుక్కెడే తాగండమ్మా. ఈలోగా మా ఊరి మీదుగా పోయే గుణుపూర్ రైలు కాస్తా వెళ్లిపోయింది.

సీసాల కిట్ ఎంచుకోవడం, ఎ, బి అనే రెండు సీసాల్లో నేనే పోసి మూతలు బిగించడం, నంబర్లు చూసుకోవడం చిటికెలో అయిపోయాయి.

గత 7 రోజుల్లో వాడిన మందులు రాయమన్నప్పుడు మాత్రం గుండె జారింది. దగ్గు మాత్ర పేరు గుర్తు లేదు. బ్యాగు అడుగున ఖాళీ స్ట్రిప్పు దొరికింది కాబట్టి బతికాను. స్ట్రిప్పులు పారేయకండి.

మా ఊళ్లో లేబుల్ లేని పౌడర్ డబ్బాలమ్మే అన్న ఒకడున్నాడు. "అందరూ వేస్తున్నారు చెల్లీ, నువ్వొక్కదానివి మడి కట్టుకుంటే మెడల్ వస్తుందా?" అని రెండేళ్లుగా ఒకటే పోరు. ఒంట్లో ఏం దొరికినా జవాబు చెప్పాల్సింది ఆటగాళ్లే. స్టెరాయిడ్ అయితే 4 ఏళ్ల నిషేధం దాకా పోతుంది. అతను మాత్రం కొట్లో ఫ్యాన్ కింద కూర్చునే ఉంటాడు. 2023లో ఢిల్లీ మీట్‌కి డోపింగ్ వాళ్లొచ్చారని తెలిసి 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే మిగిలాడు. నేను పారిపోలేదు. మూడు గంటలు కూర్చున్నాను, ఆ మాట గొప్పగానే చెప్పుకుంటా.

చేతికిచ్చిన ఫారం కాపీ చూసి అమ్మ, "ఇది కూడా సర్టిఫికెట్టేనా?" అంది. ఔనన్నాను. మెడల్‌తో పాటు బీరువాలో పెట్టి తాళం వేసింది.