మూడో రోజు భయం

అక్క ఫోన్ చేసి "ఆదివారం అందరం కూర్చుని వాడితో మాట్లాడదామనుకుంటున్నాం, నువ్వు కూడా రారా" అన్నప్పుడు నాకు వెంటనే సరే అనబుద్ధి కాలేదు. వాడంటే నా మేనల్లుడు, 24 ఏళ్లవాడు. ఉద్యోగం పోయి ఆర్నెల్లయింది. పొద్దున లేస్తూనే తాగుతున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. నన్నెందుకు రమ్మంటున్నారో కూడా తెలుసు. తొమ్మిదేళ్ల కిందట వాడి స్థానంలో నేనున్నాను. మావాళ్లు ఆ రోజుల్ని "నీకు ఒంట్లో బాగాలేనప్పుడు" అంటారు. అంత మర్యాద.

నాకు నిజంగానే ఒంట్లో బాగాలేదు. ఒక శుక్రవారం రాత్రి ఎవరికీ చెప్పకుండా సీసాలన్నీ సింకులో ఒంపేసి, ఇక చాలు అనుకున్నాను. చాలా గొప్పపని చేశాననే అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి చేతులు వణకడం మొదలైంది, ఆగకుండా చెమటలు. ఆదివారం తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి బాత్రూమ్ గడప మీద పడిపోయాను. సోమవారం హాస్పిటల్ గోడ మీద చీమల బారు పాకుతోంటే, తుడవమని నర్సుతో గొడవపెట్టుకున్నాను. అక్కడ చీమలు లేవు.

డాక్టర్ తర్వాత విడమరిచి చెప్పాడు. మందు మెదడుని అణచి ఉంచుతుంది. ఏళ్ల తరబడి అలా అణిస్తే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన జోరు పెంచుకుంటుంది. హఠాత్తుగా మందు ఆపేస్తే అణిచేది పోయి జోరు ఒక్కటే మిగులుతుంది. కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది, ఫిట్స్ వచ్చేవాళ్లకి ఎక్కువగా 48 గంటల లోపు వస్తాయి, లేనివి కనిపించడం, మతి తప్పడం లాంటి తీవ్రమైన దశ రెండు నుంచి నాలుగు రోజుల మధ్య. చికిత్స లేకపోతే ప్రాణం మీదికి రావచ్చు. అందరికీ ఇలా అవ్వదు. నాకు అయింది.

అక్క చెప్పిన ఆదివారానికి ముందు మేం కౌన్సెలర్ దగ్గర రెండుసార్లు కూర్చున్నాం. చెప్పకుండా పిలిచి చుట్టూ కూర్చుని అడిగేద్దామన్నది మా బావ ఆలోచన. కౌన్సెలర్ ఒప్పుకోలేదు. అమెరికాలో వెర్నన్ జాన్సన్ అనే మతగురువు 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతికి అది దగ్గర. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో తాగేవాళ్ల కుటుంబసభ్యులు 130 మందిని మూడు వర్గాలుగా చేసి చూశారు. అలా ఎదురుగా నిలదీయడం నేర్పిన వర్గంలో తాగేవాళ్లు చికిత్సకి వచ్చింది 30 శాతం. నిలదీయకుండా, తాగని గంటల్లో దగ్గరగా ఉంటూ సమయం చూసి చికిత్స మాటెత్తడం నేర్పిన వర్గంలో 64 శాతం. మొదటి వర్గంలో చాలా కుటుంబాలు అసలు ఆ నిలదీసే రోజు దాకా వెళ్లనే లేదట. నాకు అందులో ఆశ్చర్యమేమీ లేదు. మాకూ ముందురోజు రాత్రి దాకా ఎవరో ఒకరు వద్దనే అంటున్నారు.

అక్క ఇంకో సంగతి అడిగింది. తాగితే వాంతులయ్యేలా చేసే మాత్ర ఏదో ఉందట, వాడికి తెలియకుండా కలిపిపెట్టమని ఎవరో చెప్పారట. కౌన్సెలర్ ముఖం మారిపోయింది. ఆ మాత్ర, డైసల్ఫిరామ్, నేను ఏడాది పాటు వేసుకున్నాను. తెలిసి, ఒప్పుకుని, రోజూ పొద్దున మా ఆవిడ చేతి మీదుగా. తెలియనివాడు దాని మీద తాగితే గుండె దడదడలాడి బీపీ పడిపోవచ్చు. అక్క ఇంకేం మాట్లాడలేదు. బ్యాగులో చెయ్యి పెట్టి ఏదో లోపలికి తోసేసింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఆదివారం వాడికి ముందే చెప్పి పిలిచాం. వచ్చాడు, అదే ఎక్కువ. సోఫా అంచున, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ముందు బల్ల మీద మంచినీళ్ల గ్లాసు. అక్క రాసుకొచ్చిన కాగితం చదివింది, చెల్లెలు చదవలేక ఏడ్చింది. వాడు దేనికీ ఎదురు చెప్పలేదు. పెదాలు ఎండిపోయి నాలుకతో తడుపుకుంటున్నాడు కానీ గంటసేపు ఆ గ్లాసు ముట్టుకోలేదు. మిగతావాళ్లకి అది పొగరులా కనిపించిందేమో. నేనూ ఒకప్పుడు నలుగురిలో గ్లాసు ఎత్తేవాణ్ని కాదు. ఎత్తితే నీళ్లు ఒలుకుతాయి.

చివరికి బావ లేచాడు. "ఇవన్నీ ఎందుకురా, ఈ క్షణం నుంచి చుక్క ముట్టనని మీ అమ్మ మీద ఒట్టెయ్."

"బావా, ఆ ఒట్టు వేయించకు" అన్నాను. "వేసి నిలబెట్టుకున్నాడంటే ఎల్లుండికి ఫిట్స్ రావచ్చు."

గదిలో ఎవరూ ఊపిరి తీసినట్టు లేదు. నేను రాసుకున్న కాగితం జేబులోనే ఉంది, తీయలేదు. సింకు దగ్గర్నుంచి చీమల దాకా మొత్తం చెప్పేశాను. మా అక్క కూడా చీమల సంగతి వినడం అదే మొదటిసారి. వాడు మొదటిసారి తల ఎత్తాడు.

"నీకు వణుకు ఎన్నో రోజుకి తగ్గింది మావయ్యా?"

అప్పుడు బయటపడింది. వాడు అప్పటికే రెండుసార్లు సొంతంగా మానేశాడు. రెండుసార్లూ రెండో రోజు వణుకు తట్టుకోలేక, మూడో రోజు ఏమవుతుందో ఫోన్లో చదివి భయపడి మళ్లీ తాగాడు. మేమంతా వాడికి మానాలని లేదనుకుని, మానాలనిపించేలా మాట్లాడటానికి రెండు వారాలు తయారయ్యాం.

"హాస్పిటల్లో అయితే ఆ వణుకు రానివ్వర్రా, వచ్చినా మాత్రలతో అణుస్తారు" అన్నాను. అంతే చెప్పాను.

బెడ్ మర్నాటి పొద్దునకి గానీ దొరకలేదు. అప్పటిదాకా ఉన్నట్టుండి ఆపెయ్యొద్దని డాక్టర్ ఫోన్లో చెప్పాడు. వాడి చేత మానిపించడానికి కూర్చున్న రోజునే, రాత్రంతా వాడు కొద్దికొద్దిగా తాగుతుంటే అక్క గుమ్మంలో కూర్చుని చూసింది. ఆ రాత్రి మీద రాయాలంటే అక్కే రాయాలి.

చేరిన వెంటనే గ్లూకోజ్ ఎక్కించకముందే బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. తాగేవాళ్లలో అది బాగా తగ్గిపోయి ఉంటుంది, అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. తర్వాత వణుకు అణిచే మాత్రలు, రోజురోజుకీ డోసు తగ్గిస్తూ వారం. మూడో రోజు రాత్రి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "చీమలు రాలేదు."

నాలుగో నెలలో మళ్లీ తాగాడు. నేనూ మొదటి ఏడాదిలో ఒకసారి తాగాను, అది వాడికి చెప్పి ఉంచాను. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"మావయ్యా, మూడు రోజుల్నుంచి తాగుతున్నా. రేపట్నుంచి ఆపేస్తాను."

"నీ అంతట నువ్వు ఆపకు. పొద్దున్నే డాక్టర్ దగ్గరికెళ్దాం."

కాసేపు ఏం మాట్లాడలేదు. "నాన్నకి చెప్తావా?"

"నువ్వే చెప్పు. నేను పక్కన కూర్చుంటాను."

చొక్కా వేసుకుని బయల్దేరాను.