కాటా చీటీకి బోల్డ్ మోనో ఫాంట్

భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యల కాటా చీటీలో కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క), కిలోలు, రేటు, మొత్తం, అన్నీ అంకెలే. అక్కడ మోనోస్పేస్ శాన్స్ (గీతల చివర చిన్న తోకలు లేని) ఫాంటే వాడాలి. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి కాబట్టి ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడతాయి.

బోల్డ్‌లో గీత లావవుతుంది, గడి మాత్రం పెరగదు. అందుకే ఇంగ్లీషు ఎమ్, డబ్ల్యూలలో మధ్య గీతలను డిజైనర్లు సన్నం చేస్తారు. లేకపోతే లోపలి ఖాళీ పూడిపోతుంది. అసలు బోల్డ్ ఫైలు లేకుండా బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ గీతలన్నీ ఒకేలా ఉబ్బిస్తుంది, చిన్న సైజులో 6, 8 ఒకటే అనిపిస్తాయి. 60 కౌంటు 80 అయిందంటే రైతుకొచ్చే రేటే పడిపోతుంది! ఐబీఎం ప్లెక్స్ మోనో, జెట్‌బ్రెయిన్స్ మోనో ఉచితం, రెండింటికీ విడిగా బోల్డ్ ఫైళ్లున్నాయి.

58 మి.మీ. థర్మల్ రోల్‌లో (వేడితో అచ్చుపడే కాగితం చుట్ట) అచ్చుపడేది 48 మి.మీ., అంటే 384 చుక్కలు. గడికి 12 చుక్కలైతే లైనుకు 32 అక్షరాలు. కౌంటుకు 4, కిలోలకు 8, రేటుకు 7, మొత్తానికి 10, మధ్య ఖాళీలకు 3 ఇస్తే సరిగ్గా సరిపోతుంది. అంకెలను కుడివైపుకి సర్దండి.

తెలుగు పేర్లను ఈ గడుల్లో ఇరికించొద్దు. ఒత్తులు, గుణింతాలతో వెడల్పు మారిపోయి వరుస చెదురుతుంది. పేరును పైన విడి లైనులో, తెలుగు ఫాంట్‌తో బొమ్మగా పంపండి.

బోల్డ్ వాడినప్పుడు ప్రింటర్ నలుపు ఒక మెట్టు తగ్గించండి. వేడి ఎక్కువైతే చుక్కలు పక్కకు పాకి సున్నా లోపల నిండిపోతుంది.