యాంటీబాడీ ఎంత వేయాలి?

ఫ్లో సైటోమెట్రీకి (మెరిసే రంగున్న యాంటీబాడీలను కణాలకి అంటించి, ఒక్కో కణం ఎంత మెరుస్తుందో లేజరుతో కొలిచే పద్ధతి) కొత్త యాంటీబాడీ వయల్ ల్యాబ్‌కి రాగానే నేను ముందు చేసే పని టైట్రేషన్, అంటే ఎంత డోసు సరిపోతుందో వేసి చూసుకోవడం. కంపెనీ షీటులో టెస్టుకి 5 మైక్రోలీటర్లు అని ఉంటుంది, నిజమే. కానీ అది వాళ్ల కణాలతో, వాళ్ల పద్ధతిలో తేలిన లెక్క.

సీడీ4 (కొన్ని తెల్లకణాల మీద ఉండే ప్రొటీన్) యాంటీబాడీ అయితే, రక్తం నుంచి వేరు చేసిన తెల్లకణాలను ట్యూబుకి 10 లక్షల చొప్పున 100 మైక్రోలీటర్లలో తీసుకుంటాను. యాంటీబాడీని 5, 2.5, 1.25, ఇలా సగానికి సగం తగ్గిస్తూ పోతాను. ఒక ట్యూబులో అసలు వేయను. చీకట్లో, ఐసు మీద, అన్నిటికీ అదే 30 నిమిషాలు. చనిపోయిన కణాలు దొరికిన యాంటీబాడీనల్లా అంటించుకుంటాయి, అందుకే వాటిని గుర్తుపట్టే వయబిలిటీ డై తప్పనిసరి.

ఏ మెరుపు దగ్గర ఎన్ని కణాలున్నాయో చూపే హిస్టోగ్రాములు ఒకదాని కింద ఒకటి పెట్టి చూడటం నాకు భలే ఇష్టం. డోసు ఎక్కువైన చోట పాజిటివ్ గుంపు (సీడీ4 ఉన్న కణాలు) ఇక ముందుకి కదలదు, నెగటివ్ గుంపు (అది లేనివి) మాత్రం మెల్లగా కుడికి జరుగుతుంది. మరీ తగ్గితే పాజిటివ్ గుంపే వెనక్కి జారి నెగటివ్‌లో కలుస్తుంది. రెండింటి మీడియన్ల తేడాని, నెగటివ్ గుంపు స్టాండర్డ్ డీవియేషన్‌కి రెట్టింపుతో భాగిస్తే స్టెయిన్ ఇండెక్స్, అంటే రెండు గుంపులూ ఎంత స్పష్టంగా విడిపోయాయో చెప్పే అంకె. అది బాగా ఎక్కువగా ఉన్న డోసునే ఎంచుకుంటాను. చాలాసార్లు అది షీటులో చెప్పినదానికన్నా తక్కువే ఉంటుంది, వయల్ ఇంకొన్నాళ్లు వస్తుంది.

లాట్ (తయారీ బ్యాచ్) మారినా, కణాల సంఖ్య బాగా పెంచినా మళ్లీ చూసుకుంటాను. టాండెమ్ డైలైతే (రెండు రంగులు జోడించి చేసినవి) మరీను.