ముందు బోల్టులు, ఆ తర్వాతే అలైన్‌మెంట్

బుధవారం. పొద్దుటి నుంచీ ముసురు.

ర్యాంపు మీద ఒక పాత హ్యాచ్‌బ్యాక్. బండి ఎడమకు లాగుతోంది, బ్రేకు వేస్తే కింద టక్‌మంటోంది. నెల తిరక్కుండా రెండుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) చేశారు. రెండు రిపోర్టుల్లోనూ అంకెలన్నీ పచ్చగానే, అంటే హద్దుల్లోనే ఉన్నాయి గానీ, కాస్టర్ (చక్రం ఏ గీత చుట్టూ పక్కకు తిరుగుతుందో, ఆ గీత వెనక్కి వాలే కోణం) గడి మాత్రం ఖాళీ. కాస్టర్ కొలవాలంటే స్టీరింగ్‌ను కుడికీ ఎడమకూ తిప్పి చూపించాలి. అదో ఐదు నిమిషాల పని, తొందరలో వదిలేస్తారు. వదిలేయకూడని కొలతే అది.

మొదట గాలి. ఎడమ ముందు టైరులో నాలుగైదు పాయింట్లు తక్కువున్నా బండి అటే పోతుంది. గాలి సరిచేసి, ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి ఒక రౌండు. లాగుడు కుడికి మారితే తప్పు టైరుది. మారలేదు. బాణం గుర్తున్న టైర్లయితే ఈ పరీక్ష కుదరదు.

లాగుడుకు టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండడం) కారణమని చాలామంది నమ్మకం. నడుస్తున్నప్పుడు టో తేడాను రెండు చక్రాలూ చెరిసగం పంచుకుంటాయి. స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, టైరు రంపపు పళ్లలా అరుగుతుంది. పక్కకు లాగేవి కాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం పైభాగం వాలు; బయటికి వాలితే పాజిటివ్), కాస్టర్. కాంబర్ ఎక్కువ పాజిటివ్‌గా ఉన్న వైపుకు, కాస్టర్ తక్కువున్న వైపుకు బండి పోతుంది. స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాలు) సస్పెన్షన్ ఉన్న చిన్న కార్లలో చాలావాటికి ఈ రెంటికీ సర్దుబాటు ఉండదు. అవి తప్పాయంటే ఏదో వంగింది, జరిగింది, లేదా బుష్ (కీలు దగ్గరి రబ్బరు కూర్పు) పోయింది.

చక్రం లేపి ఊపితే పైనా కిందా ప్లే లేదు, బాల్ జాయింట్, బేరింగ్ బాగున్నట్టే. పక్కలకూ ప్లే లేదు, టై రాడ్లూ సరే. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద ఫ్రేముకు కలిపే చెయ్యి) బుష్ దగ్గర రాడ్డు పెట్టి తోస్తే మాత్రం ఆర్మ్ వేలు మందాన వెనక్కి జరిగింది. రబ్బరు చీలిపోయింది. విచారం ఏమిటంటే ఆ బుష్ ఇంకా కొత్తదే.

కొత్త బుష్ ఇంత త్వరగా చీలడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. బుష్ లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు ఫ్రేముకు బిగించేస్తుంది. బయటి గొట్టం ఆర్మ్‌తో కదులుతుంది. మధ్యలో ఉన్న రబ్బరు మెలి తిరిగి ఆ కదలికనంతా మోస్తుంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, బండి నేల మీద నిలబడ్డప్పుడల్లా రబ్బరు మెలికలోనే ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు ఆ మెలిక ఇంకా పెరుగుతుంది, చీలుతుంది. అందుకే బోల్టును చేత్తో ఆనించి వదలాలి. బండి దించి, ముందు భాగాన్ని రెండు మూడు సార్లు బలంగా నొక్కి, స్ట్రట్ కూర్చున్నాకే టార్క్ (కొలత ప్రకారం బిగింపు) వేయాలి. కింద చెయ్యి దూరకపోతే ఆర్మ్ చివర జాకీ పెట్టి బండి బరువు దాని మీదికి వచ్చేదాకా లేపి బిగించాలి.

పాత బోల్టు కూడా దానిది కాదు. తల మీద 8.8 అని ఉంది, రెండో వైపున్న ఒరిజినల్ 10.9, అంటే ఇంకా గట్టిది. పైగా తల దాకా మరలే. ఒరిజినల్‌కు రంధ్రంలో కూర్చునే చోట నున్నటి కాడ ఉంటుంది. అక్కడ మరలుంటే అంచులు రంధ్రాన్ని తొలిచి కోడిగుడ్డు ఆకారానికి తెస్తాయి, అప్పుడు క్రాస్ మెంబరే (ఆర్మ్ బిగించే అడ్డ దూలం) మార్చాలి. ఇక్కడ రంధ్రం ఇంకా గుండ్రంగానే ఉంది. కొత్త బుష్‌తో పాటు సరైన బోల్టు, కొత్త సెల్ఫ్ లాక్ నట్టు వేశాం. మరలకు ఆయిల్ పూయలేదు: పొడి మరలకు రాసిన టార్క్‌ను ఆయిల్ పూసిన మరలకు వేస్తే బోల్టు అవసరానికి మించి సాగుతుంది. చివరి బిగింపు ఎయిర్ గన్‌తో అసలు వద్దు.

ఆర్మ్ తిరిగి బిగించేటప్పుడు బాల్ జాయింట్ పిన్ను నకుల్ (చక్రాన్ని మోసే ఇనుప ముక్క) లోకి పూర్తిగా దిగాకే అడ్డ బోల్టు దూర్చాలి. దూరకపోతే సుత్తి తీసుకోకుండా, చీలికలో ఉలి పెట్టి కాస్త తెరవాలి. కొట్టి దూరిస్తే పిన్ను గాడిని బోల్టు కొరికేస్తుంది. టై రాడ్ చివర గాడులున్న నట్టు ఉంటే, టార్క్ వేశాక స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త ముందుకే తిప్పాలి, వెనక్కి ఎప్పుడూ వద్దు.

అప్పుడు మెషీన్. స్టీరింగ్ తిన్నగా లాక్ చేసి టో. ర్యాక్ బూటు (స్టీరింగ్ ర్యాక్ చివర రబ్బరు తొడుగు) క్లిప్పు ముందే లూజ్ చేయకపోతే రాడ్డుతో పాటు బూటూ మెలి తిరుగుతుంది. రెండు వైపులా విడివిడిగా సరిచేయాలి. 600 మిల్లీమీటర్ల టైరుకు 0.1 డిగ్రీ అంటే చక్రం ముందూ వెనకా కొలతల్లో సుమారు 1 మిల్లీమీటరు తేడా. లాక్ నట్టు బిగించేటప్పుడు రెండో పానాతో టై రాడ్ ఎండ్‌ను కదలకుండా పట్టాలి, లేకపోతే ఆ 1 మిల్లీమీటరు అక్కడే పోతుంది.

ఈసారి కాస్టర్ గడి నిండింది, రెండు వైపులా దగ్గర దగ్గరగా. తడి రోడ్డు మీద స్టీరింగ్ వదిలినా బండి తిన్నగా పోయింది. బిగించిన ప్రతి నట్టుకూ ఫ్రేముకూ కలిపి తెల్ల పెయింటు గీత. 100 కిలోమీటర్లు తిరిగొచ్చాక ఆ గీతలు విరిగాయేమో చూడాలి.