‘జీ హుజూర్’ అంటే పొంగిపోయిన నా తెలివి

నిన్న పొద్దున స్ట్రాంగ్‌రూమ్ ముందు మా హెడ్ క్యాషియర్ తన తాళంచెవి తిప్పి, నా వైపు చూసి “ఆవో బేటా” (రా నాయనా) అన్నారు. పదకొండు నెలలుగా రోజూ “ఆయియే” (రండి) అనే మనిషి నిన్న “ఆవో” అన్నారు. ఈ ఒక్క ముక్క కోసం నేను పడ్డ పాట్లు మరిచిపోకముందే రాసేస్తున్నా.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బ్యాంకు పీవోగా సెలెక్టయితే లక్నో వచ్చింది. పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ గురించి యూట్యూబ్ నిండా ఉంది, నేను చెప్పేదేం లేదు. విజయవాడలో రాప్తీసాగర్ ఎక్కి గోంగూర సీసాతో లక్నోలో దిగాను. ఇల్లు వారంలో దొరికింది. మాంసం వండుతావా అని ముగ్గురు ఓనర్లు అడిగారు. నాలుగో ఆయన అడగలేదు, అక్కడే దిగిపోయా.

చేరకముందు ట్రైనింగులో ఒక రోజంతా ఆఫీసు మర్యాదల మీద క్లాసు. షేక్‌హ్యాండ్ ఎంత గట్టిగా ఇవ్వాలి, టై ఎలా ముడెయ్యాలి, మెయిల్ చివర ఏం రాయాలి. పదిహేను నెలల్లో నేను టై కట్టింది ఒక్కసారి, అదీ ఐడీ కార్డు ఫోటోకి. ఆ క్లాసు చెప్పినాయనకిచ్చిన డబ్బులు మా బ్రాంచి దఫ్తరీకి (ఫైళ్ళు అందించే అటెండరు) ఇచ్చి ఓ గంట మాట్లాడించి ఉంటే నాకీ కథ ఉండేది కాదు.

హిందీ విషయంలో నాకు కాస్త పొగరు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష వరసగా పాసయ్యా. 1976 రాజభాషా నియమాల లెక్కలో యూపీ ‘క’ ప్రాంతం, అంటే హిందీ రాష్ట్రం, ఫైళ్ళ మీద రాసే నోటింగులు ఎక్కువగా హిందీలోనే. మన రెండు రాష్ట్రాలూ ‘గ’, అంటే హిందీ వాడకం తక్కువున్నవి. అయినా మొదటి నెలలోనే హిందీలో నోటింగు రాసి శభాష్ అనిపించుకున్నా. ఇప్పటికీ నా రాతలో మా బ్రాంచిలోని ఇద్దరు లక్నోవాళ్ళకంటే తప్పులు తక్కువ.

కొంప ముంచింది నోరు. మనకి ఉన్నవి రెండే, నువ్వూ మీరూ. వాళ్ళకి మూడు: తూ, తుమ్, ఆప్. నేను వేసుకున్న లెక్క ఇదీ. తూ అంటే నువ్వు, తుమ్ అంటే మీరు, ఆప్ అంటే తమరు. ‘తమరు’ అని మనం ఎప్పుడంటాం? ఎదుటివాణ్ణి ఎగతాళి చేసేటప్పుడు. అందుకని పెద్దవాళ్ళ దగ్గర ఆ మాట రాకుండా జాగ్రత్తపడేవాణ్ణి! పుస్తకంలో ఆప్ అంటే మీరు అని ఉన్న మాట నిజమే. మార్కులొచ్చాక పుస్తకం ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నాలుగో నెలలో స్ట్రాంగ్‌రూమ్ రెండో తాళం నాకొచ్చింది. క్యాషు ఇద్దరి కస్టడీలో ఉంటుంది. హెడ్ క్యాషియర్ దగ్గరొక తాళంచెవి, ఆఫీసర్ దగ్గరొకటి, ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. మా హెడ్ క్యాషియర్‌కి 59 ఏళ్ళు, బ్రాంచంతా బాబూజీ అంటారు. ఆ సోమవారం హాలు నిండా జనం, ఏటీఎంలో పెట్టాల్సిన డబ్బు ఆలస్యమైంది. నేను సీట్లోంచి లేవకుండానే గట్టిగా, “బాబూజీ, తుమ్ జల్దీ పాంచ్ సౌ కే బండల్ లేకే ఆవో” అన్నా, త్వరగా అయిదొందల కట్టలు తెమ్మని.

హాలు గప్‌చుప్. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. లేచారు. రెండు చేతులూ జోడించి, నడుము కాస్త వంచి, “జీ హుజూర్, అభీ హాజిర్ కర్‌తా హూఁ” (చిత్తం దొరా, ఇప్పుడే తెస్తా) అన్నారు. లైన్లో ఉన్న ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూశారు.

నేనేమో పొంగిపోయా. ఆ రాత్రి ఫోన్లో అమ్మకి, “అరవయ్యేళ్ళ పెద్దమనిషి నాకు దణ్ణం పెట్టి హుజూర్ అన్నారే” అని చెప్పుకున్నా. “మరి ఆఫీసర్‌వి కదరా” అని అమ్మ మురిసిపోయింది. రాయడానికే సిగ్గుగా ఉంది.

మర్నాటి నుంచి నా బల్ల మీదకి టీ రాలేదు. అడిగితే అయిపోయిందన్నారు. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అందరి డబ్బాలూ మూతలు పడి ఉండేవి. సాయంత్రం బాబూజీ క్యాష్‌బుక్ చేతికివ్వకుండా బల్ల చివర పెట్టి వెళ్ళిపోయేవారు. పొద్దున “ఆయియే” అని గోడకేసి చూస్తూ తాళం తిప్పేవారు. అందరి మొహాల్లోనూ నవ్వు మాత్రం అలాగే ఉంది. పదిహేను రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నా అర్థం కాలేదు. అదే తెనాలిలో అయితే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు “ఏమయ్యా, పెద్దాయన్ని అంత మాటంటావా” అని నాలుగు దులిపేవారు, నేను తప్పు ఒప్పుకునేవాణ్ణి, టీతో తెగిపోయేది. మా మేనేజరు అదే హాల్లో ఉన్నాడు, అంతా విన్నాడు. తర్వాత అడిగితే, మీకే తెలుస్తుందనుకున్నా అన్నాడు. (ఈయన గురించి ‘అన్నారు’ అని రాయబుద్ధి కావట్లేదు.)

చివరికి చెప్పింది దఫ్తరీయే, సైకిల్ స్టాండ్ దగ్గర. “సర్, మీ ఇంట్లో నాన్నగారిని కూడా తుమ్ అంటారా?” అన్నాడు. తుమ్ అన్నది కొడుకునీ, తమ్ముణ్ణీ అనే మాటట. మరి హుజూర్? అది చెంపదెబ్బ సర్, అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు, ఉత్తరాదికి వెళ్ళే మనవాళ్ళు రాసిపెట్టుకోవాల్సింది అదే. తుమ్ తీసేసి ఆప్ పెడితే సరిపోదు. ‘ఆప్ ఆవో’ హైదరాబాదులో చెల్లుతుంది, లక్నోలో చెవికి గుచ్చుకుంటుంది. మన క్రియ చివర ‘అండి’ ఉన్నట్టే వాళ్ళకి ‘ఇయే’: ఆయియే, బైఠియే, దీజియే. ‘మీరు రా’ అంటే మనకెలా ఉంటుందో వాళ్ళకి ‘ఆప్ ఆవో’ అలాగే.

మర్నాడే అందరి ముందూ క్షమాపణ అడిగా. “అరే, కైసీ మాఫీ, ఆప్ తో అఫ్సర్ హైఁ” (క్షమాపణేంటి, మీరు ఆఫీసరు కదా) అన్నారు బాబూజీ. ఆ రోజునుంచి టీ అయితే వచ్చింది, అందరి తర్వాత, చల్లారి. అలా నెలలు గడిచాయి. వంగి కాళ్ళు ముట్టుకోబోతే వెనక్కి జరిగేవారు. ఇదంతా చాలదన్నట్టు నన్ను మదరాసీ అనేవాళ్ళు. మద్రాసు మాది కాదని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మొన్న ఆదివారం ఆయన కూతురి పెళ్ళి. కార్డు, లడ్డూల డబ్బా అందరికీ ఇచ్చినట్టే నాకూ ఇచ్చారు. చదివింపులకి అక్కడ రూపాయి బిళ్ళ అంటించిన కవర్లు అమ్ముతారు, 501, 1101 అలా ఇస్తారు. నేను అలవాటు కొద్దీ లోపల 1115 పెట్టా, పైన బిళ్ళతో 1116. పుస్తకం రాసే కుర్రాడు రెండుసార్లు లెక్కపెట్టి, పదిహేను రూపాయలు ఎక్కువొచ్చాయని అరిచాడు. క్యాషియర్ ఇల్లు కదా, లెక్క తేలనిదే వదలరు. బాబూజీ స్వయంగా వచ్చారు. మా వైపు నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు చదివిస్తామని చెప్పా. ఎలాగూ లెక్కల్లో ఉన్నాం గనక తుమ్‌ని ‘మీరు’ కింద, ఆప్‌ని ‘తమరు’ కింద జమ చేసుకున్న సంగతీ చెప్పేశా. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, పందిట్లో అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వారు. పక్కనున్న బావమరిదిని పిలిచి నాచేత మళ్ళీ చెప్పించారు.

నిన్న ‘ఆవో’ అన్నది అందుకే. టీ కూడా పొగలు కక్కుతూ వచ్చింది.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి, “బాబూజీ నన్ను తుమ్ అన్నారే!” అన్నా.

“అదేంట్రా, హుజూర్ అనేవారుగా. ఉద్యోగంలో ఏమన్నా తేడా చేశావా?” అంది.